తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మద్యం షాపు పెట్టాలంటే: దరఖాస్తుకు ముందు లెక్కల నుంచి లైసెన్స్ ముగింపు దాకా

లాటరీలో పేరు వస్తే చాలు, మిగతాదంతా అదే నడుస్తుందని చాలామంది అనుకుంటారు. లాటరీ ఇచ్చేది లైసెన్స్ మాత్రమే. షాపు నిలబడేదీ కూలేదీ దరఖాస్తుకు ముందు మీరు చూసిపెట్టుకున్న గది మీద, రెండు నెలలకోసారి కట్టే ఎక్సైజ్ ట్యాక్స్ కిస్తీ మీద. అందుకే ఈ రెండింటి గురించే ఎక్కువ చెప్తాను.

ప్రస్తుతం నడుస్తున్న ప్రైవేటు షాపుల లైసెన్సులు 2024 అక్టోబర్‌లో మొదలయ్యాయి. వాటి గడువు 2026 సెప్టెంబర్ 30. కింద ఇచ్చిన ఫీజులు, నిబంధనలు ఆ పాలసీవి. మీరు దరఖాస్తు చేసే నాటికి అమల్లో ఉన్న గెజిట్ తీసుకుని, ఇక్కడి అంకెల పక్కన కొత్త అంకెలు రాసుకోండి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.

1. గెజిట్ చేతిలో పెట్టుకుని చదవండి

మాటల్లో విన్నది నమ్మి డబ్బు కట్టకండి. జిల్లా గెజిట్‌లో ప్రతి షాపుకీ ఒక నంబర్, అది ఏ మండలంలో లేదా ఏ పట్టణంలో పెట్టాలో, ఏడాదికి ఎంత కట్టాలో ఉంటాయి. ఆ పరిధి దాటి షాపు పెట్టడానికి వీల్లేదు. "చంద్రగిరిలో వచ్చినా తిరుపతిలో పెట్టుకోవచ్చు" అని ఎవరైనా చెప్తే వినొద్దు.

2024 పాలసీలో ఏడాదికి కట్టాల్సిన రిటైల్ ఎక్సైజ్ ట్యాక్స్ జనాభాను బట్టి ఇలా ఉంది:

- 10 వేల లోపు జనాభా: 50 లక్షలు
- 10 వేల నుంచి 50 వేల వరకు: 55 లక్షలు
- 50 వేల నుంచి 5 లక్షల వరకు: 65 లక్షలు
- 5 లక్షలు దాటితే: 85 లక్షలు

తిరుపతి, చిత్తూరు నగరాలు రెండూ 65 లక్షల శ్లాబులోకి వస్తాయి. రెండో ఏడాది దీని మీద 10 శాతం పెరుగుతుంది. అంటే 65 లక్షలు 71 లక్షల 50 వేలు అవుతుంది. చాలామంది మొదటి ఏడాది అంకె ఒక్కటే చూసి పార్ట్‌నర్లతో మాట్లాడుకుంటారు, రెండో ఏడాది గొడవలు అక్కడే మొదలవుతాయి.

దరఖాస్తు ఫీజు ఒక్కో షాపుకు 2 లక్షలు. లాటరీలో రాకపోతే అది తిరిగి రాదు. ఒకే మనిషి ఎన్ని షాపులకైనా వేయొచ్చు కాబట్టి ఆశకు పోయి పది దరఖాస్తులు వేసేవాళ్లున్నారు. పోయినా ఇల్లు కదలని డబ్బుతోనే వేయండి. దరఖాస్తు ఫీజు కోసం వడ్డీకి తెచ్చుకోవడం మొదలుపెడితే, షాపు రాకముందే అప్పు వచ్చినట్టు.

గీత కులాలకు 10 శాతం షాపులు విడిగా కేటాయించి, లైసెన్స్ ఫీజు సగమే పెట్టారు. ఈడిగ, గౌడ తదితర కులాలవాళ్లు కుల ధ్రువీకరణ పత్రం ముందే తీసి ఉంచుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మీ సేవా కేంద్రం దగ్గర క్యూలో నిలబడితే గడువు దాటిపోవచ్చు.

2. డబ్బు లెక్క: రోజుకు ఎంత అమ్మితే గట్టున పడతారు

2024లో షాపులు తెరిచేటప్పుడు 20 శాతం మార్జిన్ వస్తుందని అందరూ లెక్కలు వేసుకున్నారు. చేతికి వచ్చింది అందులో సగం దగ్గర. వ్యాపారులు మొరపెట్టుకున్నాక 2025 ఫిబ్రవరిలో అది 14 శాతమైంది. కాబట్టి మీ లెక్క ఎప్పుడూ తక్కువ మార్జిన్‌తో వేయండి. ఎక్కువ వస్తే సంతోషం.

65 లక్షల శ్లాబులో ఒక మామూలు షాపుకు ఏడాది ఖర్చు ఇలా వేసుకుందాం. అద్దె, జీతాలు మీ ఏరియాను బట్టి మార్చుకోండి.

- ఎక్సైజ్ ట్యాక్స్: 65 లక్షలు
- అద్దె నెలకు 50 వేలు: 6 లక్షలు
- ఐదుగురికి తలా 17 వేల జీతం: 10 లక్షల 20 వేలు
- కరెంటు, రవాణా, హమాలీ, పగిలిన సీసాలు, ఇతరాలు నెలకు 40 వేలు: 4 లక్షల 80 వేలు
- 40 లక్షల పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీ: 9 లక్షల 60 వేలు

మొత్తం 95 లక్షల 60 వేలు. కొనుగోలు ధర మీద 14 శాతం మార్జిన్ అనుకుంటే, ఈ ఖర్చు రాబట్టడానికి ఏడాదికి దాదాపు 6 కోట్ల 83 లక్షల సరుకు కొని అమ్మాలి. రోజుకు కౌంటర్ మీద 2 లక్షల 13 వేల అమ్మకం. ఇది లాభం కాదు, గట్టున పడే అంకె మాత్రమే. అదే మార్జిన్ పదిన్నర శాతానికి పడితే, రోజుకు 2 లక్షల 75 వేలు అమ్మాలి. మార్జిన్‌లో మూడున్నర శాతం తేడా రోజు అమ్మకంలో అరవై వేలకు పైగా తేడా తెస్తుంది.

ఇప్పుడు ఆ ఏరియాకు వెళ్లి సాయంత్రం పూట ఇప్పటికే ఉన్న షాపుల ముందు నిలబడి చూడండి. ఒక్క శనివారం చూసి వచ్చేయకండి. నెల మొదటి వారంలో ఒకరోజు, చివరి వారంలో ఒకరోజు, ఒక మామూలు మంగళవారం చూడండి. ఎంతమంది క్వార్టర్ కొంటున్నారు, ఎంతమంది బీర్లు తీసుకుంటున్నారు అన్నది గమనించండి. 99 రూపాయల క్వార్టర్ ఎక్కువ పోయే చోట జనం కిక్కిరిసి ఉంటారు, గల్లా మాత్రం నిండదు. జనాన్ని చూసి మోసపోకండి.

3. సరిహద్దు మండలాలు వేరే లెక్క

మన జిల్లాలకు ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. కుప్పం, వి.కోట, పలమనేరు వైపు కర్ణాటక టెట్రా ప్యాకెట్లు దొంగచాటుగా రావడం కొత్త కాదు. నగరి వైపు తమిళనాడు షాపులు దగ్గర. అవతల ధర తక్కువగా ఉన్న రకం మీ దగ్గర కదలదు.

సరిహద్దు షాపుకు దరఖాస్తు వేసేముందు అవతలి ఊరికి వెళ్లి, ఎక్కువ అమ్ముడుపోయే రకాల ధరలు రాసుకుని వచ్చి ఇక్కడి ధరలతో పోల్చండి. పక్క రాష్ట్రం సీసా ఒక్కటి కూడా మీ షాపులోకి రాకూడదు. ఎవరో తాగడానికి తెచ్చి గోడౌన్‌లో పెట్టాడన్నా, తనిఖీలో దొరికితే లైసెన్స్‌దారుడే నిందితుడు.

4. గది: దరఖాస్తు కంటే ముందు చూడాల్సింది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లాటరీ వచ్చాక రెండు మూడు రోజుల్లో గది దొరకాలంటే ఓనర్ అడిగిన అద్దె ఇవ్వాల్సి వస్తుంది. మీ లెక్కలో 50 వేలున్న అద్దె లక్ష దాటిపోతుంది. అందుకని దరఖాస్తు వేసే షాపు పరిధిలో కనీసం రెండు గదులు మాట్లాడి ఉంచండి. "లైసెన్స్ వస్తేనే అగ్రిమెంట్ అమల్లోకి వస్తుంది" అని కాగితం మీద రాయించుకుని, చిన్న అడ్వాన్స్ ఇవ్వండి.

గుడి, మసీదు, చర్చి, బడి, ఆస్పత్రి ఉన్న చోట 100 మీటర్ల దూరం పాటించాలి. మ్యాప్‌లో గీత గీసి చూసుకుంటే సరిపోదు. మనిషి నడిచి వెళ్లే దారిలో, గేటు నుంచి గేటుకు టేపు పెట్టి కొలవండి. 95 మీటర్లు వస్తే ఎవరో సర్దుతారులే అనుకోకండి. షాపు తెరిచాక పక్కవాడు పెట్టే మొదటి ఫిర్యాదు దాని మీదే. వీధి చివర చిన్న దేవళం, మేడ మీద నడిచే ప్లేస్కూల్, కొత్తగా వచ్చిన నర్సింగ్ హోమ్ కూడా చూడండి.

హైవే విషయం ఇంకా జాగ్రత్త. 2016 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారుల అంచు నుంచి 500 మీటర్ల లోపు మద్యం షాపులు ఉండకూడదని చెప్పింది. 2017లో 20 వేల లోపు జనాభా ఉన్న స్థానిక సంస్థల పరిధిలో దీన్ని 220 మీటర్లకు తగ్గించింది. పట్టణ పరిధిలో లైసెన్స్ ఇవ్వడానికి తమ ఉత్తర్వు అడ్డు కాదని కూడా ఆ ఏడాదే స్పష్టం చేసింది. తిరుపతి–చిత్తూరు, చిత్తూరు–పలమనేరు, రేణిగుంట–పుత్తూరు–నగరి రోడ్ల పక్కన పంచాయతీల్లో గది చూసేవాళ్లు ఇది మొదట తేల్చుకోవాలి. రోడ్డు మీద నుంచి బోర్డు కనపడాలి, కారు నేరుగా లోపలికి రావాలి అన్న ఆలోచనే ఇక్కడ తప్పు. హైవే నుంచి కనపడకూడదు, నేరుగా దారి ఉండకూడదు అన్నదే కోర్టు మాట.

తిరుపతి నగరంలో ఇంకో షరతు ఉంది. రైల్వేస్టేషన్ నుంచి బస్టాండ్, లీలామహల్ కూడలి, నంది కూడలి మీదుగా అలిపిరి వెళ్లే భక్తుల దారిలో షాపులకు అనుమతి లేదు. తిరుమల కొండ మీద మద్యం పూర్తిగా నిషేధం, అమ్మడమే కాదు, తీసుకెళ్లడం కూడా. భక్తుల మనసు నొప్పించి చేసే వ్యాపారం ఈ ఊళ్లో ఎవరూ చేయకూడదు, చేసినా నిలవదు. నగరం వద్దనుకుంటే, ఆ దారికి దూరంగా ఉన్న కాలనీలూ శివార్లూ చూడండి.

గది చూసేటప్పుడు తేల్చుకోవాల్సినవి:

- ఓనర్ పేరు మీద పత్రాలు సరిగా ఉన్నాయా, అన్నదమ్ముల తగాదా ఏమైనా ఉందా
- పై అంతస్తులో కాపురాలు ఉంటే వాళ్లకు అభ్యంతరం లేదా
- సరుకు లారీ వెనక్కి వచ్చి దించుకునే చోటు ఉందా
- వానకు నీళ్లు లోపలికి రావు కదా (అట్టపెట్టెలు తడిస్తే లేబుళ్లు ఊడతాయి)
- కౌంటర్ ముందు పది మంది నిలబడినా రోడ్డు మూసుకుపోదు కదా
- షట్టర్‌తో పాటు లోపల గ్రిల్ పెట్టుకోవడానికి వీలుందా
- ఫ్రీజర్లు, కూలర్లు నడిచేంత కరెంటు లోడు ఉందా

చివరి మాటను తేలిగ్గా తీసుకోకండి. మన వైపు ఎండాకాలం చల్లటి బీరు లేని షాపు పక్కషాపుకు కస్టమర్లను పంపే షాపు. లోడు పెంచమని విద్యుత్ ఆఫీసుకు ముందే అర్జీ పెట్టండి.

5. పార్ట్‌నర్లు, కాగితాలు

ఒక్కడే పెట్టుబడి పెట్టి నడిపే షాపులు తక్కువ. నలుగురు కలుస్తారు, ఒకరి పేరు మీద దరఖాస్తు పడుతుంది. సమస్య ఏంటంటే, లైసెన్స్ ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్లదే. లైసెన్స్‌ను అద్దెకివ్వడం, ఇంకొకరికి రాసివ్వడం కుదరదు. ఎక్సైజ్ నిబంధనలకు విరుద్ధంగా లైసెన్స్‌ను భాగస్వామ్యంలోకి తెస్తే ఆ ఒప్పందం చెల్లదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. రేపు తగాదా వస్తే, చెల్లని ఒప్పందం పట్టుకుని కోర్టుకు వెళ్లి లాభం లేదు.

అందుకే దరఖాస్తుకు ముందే లాయర్‌ని, ఆడిటర్‌ని ఒకే రోజు కూర్చోబెట్టి మాట్లాడండి. ఎవరు ఎంత పెడుతున్నారో బ్యాంకు ద్వారానే రావాలి. 20 వేలు, ఆపైన అప్పు నగదుగా తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద అంతే మొత్తం జరిమానా పడొచ్చు. బావమరిది ఇచ్చినదైనా సరే, అకౌంట్‌లోనే వేయమనండి. మనవాళ్ల దగ్గర మొహమాటం ఎక్కువ, కానీ ఇక్కడ మొహమాటపడితే అతనికీ మీకూ నష్టమే.

దరఖాస్తు ఫైల్‌లో ఉండాల్సినవి: ఆధార్, పాన్, ఫొటోలు, ఫీజు కట్టిన చలానా లేదా డీడీ, గీత కులాలకు కేటాయించిన షాపైతే కుల ధ్రువీకరణ పత్రం. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, పాన్‌లో వెనక ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి.

6. లాటరీ వచ్చిన రోజు

2024లో పేరు వచ్చినవాళ్లు మొదటి విడత 24 గంటల్లో కట్టాల్సి వచ్చింది. ఆరు విడతల్లో మొదటిది, అంటే 65 లక్షల షాపుకు 10 లక్షల 83 వేలు. ఈ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో చిట్టీలోనో ఉంటే ఆ రోజు టెన్షన్ మామూలుగా ఉండదు. లాటరీకి ముందు రోజే కరెంట్ ఖాతాలో ఉండాలి. బ్యాంకు మేనేజర్‌కి కూడా చెప్పి ఉంచండి.

డబ్బు కట్టిన వెంటనే చేసే పనుల వరుస:

1. అనుకున్న గదికి లైసెన్స్‌దారుడి పేరు మీద అగ్రిమెంట్ పూర్తి చేయడం
2. గది నక్షా, నాలుగు హద్దులతో ఎక్సైజ్ స్టేషన్‌లో ఇవ్వడం, సీఐ వచ్చి చూసేటప్పుడు మీరే దగ్గరుండటం
3. లైసెన్స్ కాపీ తీసుకుని అందులో షాపు నంబర్, డోర్ నంబర్, పేరు అక్షరం అక్షరం సరిచూసుకోవడం
4. పనివాళ్లకు నౌకర్‌నామా (షాపులో పనిచేయడానికి ఎక్సైజ్ శాఖ ఇచ్చే అనుమతి పత్రం) తీయించడం
5. సీసీ కెమెరాలు, బిల్లింగ్ మెషిన్, ఇన్వర్టర్ బిగించడం
6. ధరల బోర్డు రాయించడం

గది పని పూర్తికాకుండా సరుకు తేవద్దు. సరుకు దిగాక వెల్డింగ్ పని చేయించే షాపులు చూస్తుంటాం. స్పిరిట్ ఉన్న చోట నిప్పురవ్వలు ఎగరడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు.

7. మొదటి సరుకు

సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే కొనాలి. డబ్బు ముందు కట్టాలి, అరువు ఉండదు. మొదటి ఇండెంట్‌కు (డిపోకు పెట్టే సరుకు ఆర్డర్‌కు) 15 నుంచి 25 లక్షలు పక్కన పెట్టుకోండి.

ఫుల్ బాటిళ్లు కేసుకు (అట్టపెట్టెకు) 12, హాఫ్‌లు 24, క్వార్టర్లు 48, పెద్ద బీర్లు 12. లారీ దిగేటప్పుడు ఒకరు కేసులు లెక్కపెట్టాలి, ఇంకొకరు ఇన్వాయిస్ చూడాలి. కేసు కదిపితే గాజు గలగలలాడినా, అట్ట తడిగా ఉన్నా అక్కడికక్కడే విప్పి చూసి డ్రైవర్ సంతకం తీసుకోండి.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు అన్ని బ్రాండ్లూ తెచ్చి అరలు నింపడం. అరలో మెరుస్తున్న ఖరీదైన స్కాచ్ మూడు నెలలు కదలకపోతే, ఆ డబ్బుతో తిరగాల్సిన క్వార్టర్లు ఆగిపోతాయి. మీరు ఆ ఏరియాలో గమనించిన రకాల్లో బాగా పోయేవి పది ఎంచుకుని, మొదటి వారం డబ్బులో ముప్పావు వంతు వాటి మీదే పెట్టండి. కస్టమర్ అడిగిన పేరు లేకపోతే నోట్‌బుక్‌లో రాయించండి. రెండు వారాల తర్వాత ఆ పుస్తకమే మీ ఇండెంట్.

బీరు పాతబడుతుంది. కొత్త కేసులు వెనక, పాతవి ముందు పెట్టించండి. తేదీ దగ్గరపడిన కేసు కనపడగానే కూలర్‌లో ముందుకు తెండి.

8. కౌంటర్ దగ్గర తప్పకుండా పాటించాల్సినవి

2024 పాలసీలో అమ్మకం వేళలు ఉదయం 10 నుంచి రాత్రి 10 వరకు. 10 గంటలకు షట్టర్ దించి పక్క తలుపు నుంచి అమ్మితే కెమెరాలో అదీ పడుతుంది.

ఎమ్మార్పీ మీద ఐదు రూపాయలు ఎక్కువ తీసుకోవడం పనివాళ్లు సొంతంగా మొదలుపెట్టే అలవాటు. ఎమ్మార్పీ ఉల్లంఘనకు మొదటిసారి 5 లక్షల జరిమానా, మళ్లీ దొరికితే లైసెన్స్ రద్దు. బెల్టు షాపులకు సరుకు పంపినా ఇంతే. ఊళ్లో పెద్దమనిషి వచ్చి "రోజుకు నాలుగు కేసులు ఎత్తుకుంటాను, నీకేం కష్టం" అంటాడు. ఆ నాలుగు కేసుల మార్జిన్‌కీ, పోగొట్టుకునే లైసెన్స్‌కీ పొంతనే లేదు. పైగా ఆ సీసాలు చేరేది బడి పక్క కిరాణా కొట్టుకు, ఎవరో తల్లి కన్నీళ్లకు. ఆ అమ్మకం వద్దు.

21 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదు. తిరుపతిలో కాలేజీలు ఎక్కువ కాబట్టి ఇది రోజూ ఎదురయ్యేదే. అనుమానం ఉంటే ఆధార్ అడగమని పనివాళ్లకు గట్టిగా చెప్పండి. "మా ఓనర్ ఒప్పుకోడు అన్నా" అని మీ మీద వేసి చెప్పమనండి, వాళ్లకు గొడవ తప్పుతుంది.

2025 అక్టోబర్‌లో ములకలచెరువు నకిలీ మద్యం వ్యవహారం బయటపడ్డాక, సీసా మీది కోడ్‌ను ఎక్సైజ్ సురక్ష యాప్‌తో స్కాన్ చేసి చూసే పద్ధతి వచ్చింది. అమ్మే ముందు స్కాన్ చేయించండి. రద్దీ వేళ ఆలస్యమవుతుందని మానేయొద్దు. ఇంకో మనిషిని పెట్టుకోండి.

కస్టమర్లలో తమిళనాడు, కర్ణాటక వాళ్లు చాలామంది ఉంటారు. ధరల బోర్డు వాళ్లకూ అర్థమయ్యేలా రాయించండి. పక్కనే "సీసాతో కొండకు వెళ్లవద్దు" అని ఒక బోర్డు పెట్టండి. అలిపిరి తనిఖీలో పట్టుబడి పరువు పోగొట్టుకోకుండా ఒక మనిషిని ఆపినా మంచిదే.

గాంధీ జయంతి వంటి డ్రై డేలు, పోలింగ్ ముగిసే ముందు 48 గంటలు షాపు మూయాలి. గంగమ్మ జాతర, బ్రహ్మోత్సవాల సమయంలో అధికారుల నుంచి ఆదేశాలు రావచ్చు. ఎక్సైజ్ స్టేషన్ సమాచారం రోజూ చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

9. పర్మిట్ రూమ్ తీసుకోవాలా?

2025 ఆగస్టులో షాపుకు అనుబంధంగా పర్మిట్ రూమ్‌లకు, అంటే కొన్నవాళ్లు అక్కడే తాగే గదులకు, అనుమతి ఇచ్చారు. ఏడాది ఫీజు చిన్న శ్లాబుల్లో 5 లక్షలు, 55 లక్షలు దాటిన శ్లాబుల్లో ఏడున్నర లక్షలు. షాపు ముందు రోడ్డు మీద తాగే జనం వల్ల ఇరుగుపొరుగుతో గొడవలు వచ్చే చోట తీసుకోవడమే మేలు. స్థలం ఇరుకుగా ఉంటే మాత్రం వద్దు.

10. లెక్కలు: రోజు, వారం, రెండు నెలలు

- రోజూ రాత్రి: నగదు, ఫోన్‌పే వంటి డిజిటల్ చెల్లింపులు, మిగిలిన సరుకు మూడూ సరిపోవాలి. తేడా ఉంటే ఆ రాత్రే తేల్చాలి.
- వారానికోసారి: మీరే స్వయంగా సీసాలు లెక్కపెట్టండి. ఏ వారం ఏ రోజు అన్నది పనివాళ్లకు ముందు తెలియనివ్వకండి.
- రోజువారీ అమ్మకం నుంచి కిస్తీ వాటా వేరే ఖాతాలో వేయండి. 65 లక్షలకు రోజుకు 17 వేల 800 దాకా పడుతుంది.

ఈ కిస్తీ ఖాతాను ఎట్టి పరిస్థితుల్లోనూ సరుకుకు వాడకండి. సంక్రాంతికి సరుకు ఎక్కువ తెద్దామని అందులోంచి తీస్తే, పండగ సరుకు అమ్ముడుపోయేలోపే కిస్తీ గడువు వస్తుంది.

మద్యం జీఎస్టీలోకి రాదు కాబట్టి లెక్కలు తక్కువనుకోకండి. ఆదాయపు పన్ను ఉంది. నెలకోసారి కొనుగోలు బిల్లులు ఆడిటర్‌కి పంపండి.

11. లైసెన్స్ ముగిసే ముందు

చివరి రెండు నెలల్లో నెమ్మదిగా కదిలే రకాలకు ఇండెంట్ పెట్టడం ఆపేయండి. మిగిలిన సరుకును ఏం చేయాలో ఆ ఏడాది ఉత్తర్వు చూసి, ఎక్సైజ్ స్టేషన్‌లో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. బకాయిలు లేవన్న పత్రం తీసుకోండి, మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు అడుగుతారు. కరెంటు బిల్లు కట్టి, గది తాళాలు ఇచ్చేటప్పుడు అడ్వాన్స్ అదే రోజు బ్యాంకులో వేయించుకోండి.